వెంట్‌లోంచి వినిపించిన నదులు

అమెరికాలో నేను అద్దెకున్న బేస్‌మెంట్‌లో, బాత్రూమ్ పైకప్పుకి ఒక వెంట్ ఉండేది. తెల్లరంగు వేసిన రేకు చట్రం, సన్నని సందులు. వేడిగాలి రావడానికి పెట్టారనుకున్నాను. కింద అన్న మాట అందులోంచి పైకి పోతుందని నాకు తెలియదు. తెలిసుంటే ఆ ఇంట్లో చేరిన రోజు నుంచే నోరు కట్టుకుని స్నానం చేసేదాన్ని.

ఒక శనివారం పొద్దున తెలిసింది. ఉతకాల్సిన బట్టల బుట్ట పట్టుకుని మెట్లెక్కాను. వాషింగ్ మెషీన్ పైన వంటింటి పక్కన ఉండేది. ఇంటావిడ కిటికీ దగ్గర కాఫీ తాగుతూ కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి. చూపు సరిగ్గా మధ్యలో చెరిగిపోయే జబ్బు వల్ల, ఎదుటి మనిషిని చూడాలంటే ముఖం పక్కకి తిప్పి, చెవి చూపిస్తున్నట్టు కూర్చునేవారు. అప్పటిదాకా మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలు చెత్తబండి ఏ రోజు వస్తుంది, హీటర్ ఎంతలో పెట్టాలి అన్నంత వరకే. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. నా డైరీలో మాత్రం ఆవిడ ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడారు, అందుకని ఇక్కడా అంతే.

"రోజూ స్నానం చేస్తూ ఏదో చదువుతావు. ప్రార్థనా?" అని అడిగారు.

నా చెవులు వేడెక్కాయి. బుట్ట కింద పెట్టాలో పట్టుకునే ఉండాలో తెలియలేదు. నదుల పేర్లు అన్నాను. ఆవిడ ముఖం ఇంకొంచెం పక్కకి తిరిగింది.

చెప్పక తప్పలేదు. మా ఇంట్లో మొదటి చెంబు నీళ్లు పోసుకునే ముందు ఆ నీళ్లలోకి నదుల్ని పేరు పెట్టి పిలుస్తాం. గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి. ఎంత దూరాన ఉన్నా పిలిస్తే వచ్చి ఆ చెంబులో ఉంటాయని. ఆ ఏడింటిలో కృష్ణ లేదు. కృష్ణ నీళ్లు తాగి బతికిన మా అమ్మమ్మకి అది పెద్ద కొరతగా ఉండేదట. అందుకని చివర కృష్ణని కలిపి, కృష్ణని పిలిచాక ఊళ్లోనే పారే మున్నేటిని పిలవకపోతే బాగుండదని దాన్నీ కలిపింది. మా అమ్మ అలాగే నేర్చుకుంది, నాకూ అలాగే వచ్చింది. షాంటిలీలో ఇండియన్ గ్రోసరీలో కొన్న ప్లాస్టిక్ బకెట్టు, మగ్గు నా బాత్రూమ్‌లో ఉన్నాయి. షవర్ కట్టేసి, మగ్గులో నీళ్లు పట్టుకుని, నేనూ అదే పని చేసేదాన్ని. భక్తి అని చెప్పలేను. ఆ కాస్సేపు తెలుగు ఇల్లు ఒకటి నా చుట్టూ ఉన్నట్టు ఉండేది.

"పేరు పిలిస్తే చాలా? వస్తాయా?"

"వస్తాయంటారు."

ఆవిడ కప్పు బల్లమీద పెట్టేశారు. మళ్లీ ఒకసారి చెప్పమన్నారు. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే నా గొంతు పెగలదు. ఆఫీసు మీటింగుల్లో కూడా నా వంతు వస్తే చాట్‌లో టైప్ చేసేదాన్ని. అదే చెప్పాను. ఆవిడ నవ్వి, "అయితే కిందికి వెళ్లి చెప్పు" అన్నారు. బట్టల బుట్ట అక్కడే వదిలేసి, మెట్లు దిగి, బాత్రూమ్ తలుపు వేసుకుని, ఒంటిమీద గుడ్డలతోనే వెంట్ కింద నిలబడి తొమ్మిది నదుల్నీ పిలిచాను. పైన కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

ఆవిడ ఒక యూనివర్సిటీలో భాషలు చెప్పి రిటైరయ్యారని ఆ వారంలోనే తెలిసింది. ఆవిడ పుట్టింది లిథువేనియాలో. జీవితమంతా చేసిన పని నదుల పేర్లు. మామూలు మాటల్లో చెప్పాలంటే, బాల్టిక్ భాషలు ఒకప్పుడు ఎక్కడెక్కడ మాట్లాడేవారో నదుల పేర్లని బట్టి వెతకడం. ఇప్పుడు ఆ కుటుంబంలో బతికున్నవి రెండే, లిథువేనియన్, లాట్వియన్. పూర్వం ప్రష్యన్ అని ఇంకొకటి ఉండేది. మాట్లాడేవాళ్లని జయించారు, మార్చారు, మాన్పించారు. కొన్ని వందల ఏళ్ల కింద చివరి ముసలివాళ్లతో ఆ భాష పోయింది. నదుల పేర్లు మాత్రం పోలేదు. పోలండ్ ఉత్తరాన పుట్టే ఒక నది పేరు ఆంగ్రప. మలుగుపాముల, అంటే పాములాంటి చేపల, ఏరు అని దాని అర్థం. మలుగుపాము అన్న మాటా, ఏరు అన్న మాటా రెండూ ఆ చచ్చిపోయిన భాషవే. తూర్పున, మాస్కోకి దక్షిణంగా ఇంకో నది ఉంది, పేరు ఉప. లిథువేనియన్‌లో ఉపే అంటే ఏరు. ఏటిని ఏరు అని పిలిచినవాళ్లు ఎప్పుడో అక్కడి నుంచి లేకుండా పోయారు. తర్వాత వచ్చినవాళ్లు దీన్ని ఏమంటారు అని అడిగి ఉంటారు, పోకముందు వీళ్లు చెప్పి ఉంటారు. అర్థం తెలియకుండానే ఇన్ని వందల ఏళ్లు మనుషులు దాన్ని పలుకుతూ వచ్చారు.

"ఊరి పేరు రాజు మారుస్తాడు. వీధి పేరు పార్టీ మారుస్తుంది. ఏటికి ఎవరూ పేరు మార్చరు, వాళ్లకి తీరిక ఉండదు" అన్నారు ఆవిడ ఒకసారి, నేను కార్‌లో ఆవిడని కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంటే. ఆ దారిలో పొటోమాక్ మీద వంతెన వస్తుంది. ఈ పేరు ఎవరిదో తెలుసా అన్నారు. తెలియదన్నాను. ఇక్కడి వాళ్లది, వాళ్లని వెళ్లగొట్టినవాళ్లు పేరు మాత్రం ఉంచుకున్నారు అని, వంతెన దాటేదాకా అద్దం వైపు చెవి పెట్టి కూర్చున్నారు.

ఆవిడని ఏమని పిలవాలో నాకు తోచేది కాదు. మాలో పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవరంటే, మరేమంటారు అని అడిగారు. ఆంటీ అన్నాను. "నా వయసుకి ఆంటీయా" అని పెద్దగా నవ్వారు. అప్పుడు మామ్మగారు అన్న మాట చెప్పాను. రెండు మ-లు ఒకదానిమీద ఒకటి బాగా ఒత్తి పలికి, అదే ఖాయం చేశారు. అప్పటినుంచి కింద నేను తలుపు తీసిన చప్పుడైతే పైనుంచి, "మామ్మగారు కాఫీ పెట్టారు" అని తన గురించి తనే కేకేసేవారు.

ఆ చలికాలం మొదట్లో ఒక సాయంత్రం ఆవిడ అసలు సంగతి చెప్పారు. నేను నదుల్ని పిలుస్తానని అన్నప్పుడు కప్పు ఎందుకు పెట్టేశారో అప్పుడు అర్థమైంది.

రెండో ప్రపంచయుద్ధంలో వాళ్లమ్మ ఆవిడని చంకనెత్తుకుని ఊరు వదిలింది. ఆవిడ పెరిగింది జర్మనీలో శరణార్థుల శిబిరంలో. వరసగా కట్టిన షెడ్ల మధ్య ఒక పంపు, పంపు దగ్గర వరస. అమ్మ నీళ్లు మోసుకొచ్చి, రేకు తొట్టిలో కూర్చోబెట్టి, ఎనామిల్ కప్పుతో నెత్తిమీద పోసేది. ప్రతిసారీ పోసే ముందు, "కళ్లు మూసుకో, ఇదిగో వస్తోంది" అని, తమ ఊరి ఏటి పేరు చెప్పేది. ఆ పంపు నీళ్లు తమ ఏరే అన్నట్టు. ఆ పేరు వినగానే కళ్లు మూసుకోవాలి, వెంటనే నీళ్లు పడతాయి. అమ్మ ఆ శిబిరంలోనే జబ్బు చేసి చనిపోయింది. పిల్లని మేనత్త అమెరికా తీసుకొచ్చింది. ఇక్కడ స్కూల్లో పిల్లలు నవ్వుతారని ఇంగ్లీషు తప్ప వేరే మాట నోట్లోంచి రానివ్వలేదు ఆ పిల్ల. కొన్నేళ్ల తర్వాత ఒకరోజు స్నానం చేస్తూ ఆ ఏటి పేరు గుర్తు తెచ్చుకోబోతే లేదు.

మేనత్తది పట్నం. వదినగారి పుట్టిల్లు ఆ చుట్టుపక్కల ఎక్కడో అని తెలుసు కానీ ఏటి సంగతి తెలియదు. ఆ పిల్ల పెద్దదై చదివిన చదువంతా దానికోసమే. "అందరూ నాకు శాస్త్రం మీద ప్రేమ అనుకున్నారు. నాకు కావలసింది ఒక్కటే ఏరు. వింటే గుర్తుపడతాననుకున్నాను" అన్నారు.

సోవియట్ పాలన పోయి సరిహద్దులు తెరిచాక ఒకసారి వెళ్లారట. మేనత్త చెప్పిన చుట్టుపక్కలంతా తిరిగారు. సోవియట్ రోజుల్లో పొలాలు కలిపేసి, వంకర ఏళ్లన్నీ తవ్వి తిన్నగా కాలవలు చేశారు. కాలవలకి పేర్లు లేవు, నెంబర్లు. ఊళ్లో ఉన్నవాళ్లు వేరేచోటి నుంచి తెచ్చి దింపినవాళ్లు. ఇది ఏమిటని అడిగితే కాలవ అన్నారు. ఆవిడ ఒక కాలవ గట్టున చాలాసేపు నిలబడి, అది అదో కాదో తెలియకుండానే తిరిగొచ్చేశారు.

నెంబర్లు అన్న మాట నాకు ఎందుకో గుచ్చుకుంది. నేను ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ల కంపెనీలో పనిచేస్తాను. అక్కడ ప్రతిదానికీ నెంబరే. ఒక మెషీన్ తీసేస్తే ఆ నెంబరు ఇంకోదానికి ఇస్తాం.

ఆవిడకి ఇక చదవడం కుదరని పని. లిథువేనియాలోని నదులు, ఏళ్లు, వాగులు అన్నీ ఉన్న లావాటి పుస్తకం ఒకటి ఉండేది. సగానికి పైగా తనే ఎప్పుడో చదివారు, కళ్లతో. ఇప్పుడు అనిపిస్తోందట, అది కళ్లతో చూసిన పేరు కాదు, చెవితో విన్న పేరు, కళ్లతో వెతకడమే పొరపాటేమో అని. నన్ను చదివి వినిపించమన్నారు. నేను ఒప్పుకోవడానికి కొన్ని రోజులు పట్టింది. మొదట్లో నేను వంటింట్లోకి రాకుండా మెట్లమీద కూర్చుని చదివేదాన్ని, ఆవిడ తలుపు అవతల వినేవారు. తర్వాత తర్వాత బల్ల దగ్గరికి చేరాను.

నా పలుకు ఆవిడకి నచ్చింది. వాళ్ల భాషలో అచ్చుకి పొడుగు, పొట్టి ఉన్నాయి, మనకున్నట్టే. మాట చివర అచ్చు మింగెయ్యకుండా పలకాలి. ఆవిడ కొడుకు ఇక్కడే పుట్టి పెరిగాడు, దేశం అవతలి కొసన శాంటా క్లారాలో పెద్ద ఇంజినీరు. ఆయన చదివితే పేర్లన్నీ ఒకేలా వినిపిస్తాయని, నేను చదివితే నీళ్లు కదులుతున్నాయని అనేవారు. మాది వాళ్ల భాషకి చుట్టరికం ఉన్న భాషేనా అని నేనే ఆశగా అడిగాను. కాదని చెప్పారు. సంస్కృతం చుట్టమట, నీళ్లని ఆపః అనడం, ఏటిని ఉపే అనడం ఒక ఇంటి పిల్లలట. నా ఏరు మాత్రం ఏ బంధుత్వం లేని పొరుగుమనిషి. "పొరుగుమనిషే కదా బేస్‌మెంట్‌లో ఉండేది" అన్నారు.

ఈ చదువు సంగతి నేను చెప్పింది ఒక్కరికే. నాతో ఒకే కార్‌లో ఆఫీస్‌కి వచ్చే వరంగల్ అమ్మాయికి. స్టీరింగ్ తిప్పుతూ, "ఆఫీస్‌ల నువ్వు నోరు తెరిస్తే చూడాలని మన మేనేజర్ కాచుకుని కూచున్నడు. గా ముసలామెకు మాత్రం గంటలు గంటలు చదువుతున్నవా?" అంది. సంస్కృతం చుట్టరికం గురించి చెబితే వదల్లేదు. "గట్లయితే మనోళ్లే పోయి పెట్టిండ్రు పేర్లు. మా బాబాయి వాట్సాప్‌ల ఎప్పటినుంచో పెడ్తుండు, ప్రపంచమంత మనదే అని. నేనే నమ్మకపోతి." నాకు నవ్వొచ్చింది. సాయంత్రం మామ్మగారికి చెబితే ఆవిడ కూడా నవ్వి, "మా బాబాయిలూ అంతే" అన్నారు.

మాఘమాసపు చలి వచ్చేసరికి ఆవిడ గుండె బలహీనపడింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపుతూ, ఇక మందులు నొప్పి తెలియకుండా ఉండటానికే అన్నారు. కిటికీ పక్కన మంచం వేశారు. పొద్దున ఒక నర్సు వచ్చి ఒళ్లు తుడిచి వెళ్లేది. కొడుకు వచ్చి పోతూ ఉండేవాడు, మిగతా రోజులు ఫోన్లో వీడియో. మేము చదవడం మాత్రం ఆపలేదు. ఇంతకు ముందు తీరిగ్గా చదివేవాళ్లం, ఒక్కో పేరు దగ్గర ఆగి, ఇది రాయిలోంచి వచ్చింది, ఇది నలుపులోంచి, ఇది తుమ్మచెట్టు లాంటి ఏదో చెట్టులోంచి అని ఆవిడ చెబుతూ. ఇప్పుడు చెప్పడం మానేశారు. కళ్లు మూసుకుని వినేవారు, చిన్నప్పుడు మూసుకున్నట్టు. నేను ఒక పేరు చదివి, ఆవిడ ముఖం చూసి, ఇంకోటి చదివేదాన్ని.

ఒకరోజు ఒక పేరు దగ్గర ఆవిడ చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చింది. మళ్లీ చదవమన్నారు. చదివాను. పసిపిల్లతో అన్నట్టు అనమన్నారు. గొంతు తగ్గించి అలాగే అన్నాను. ఆవిడ రెప్పలు వణికాయి. కన్నీళ్లు చెంపమీదుగా చెవిలోకి జారాయి. దొరికిందనుకున్నాను.

చాలాసేపటికి కళ్లు తెరిచి, "తెలియడం లేదు" అన్నారు.

నేను ఆ పేజీలో వేలు పెట్టి పుస్తకం మూశాను.

"అదేనేమో. లేక నలభై ఏళ్ల కింద ఎక్కడో చదివాను కనక తెలిసినట్టుందేమో. ఇన్ని పేర్లు పోగేశాను కదా, ఇప్పుడు అన్నీ తెలిసినవాటిలాగే వినిపిస్తాయి. నేను చదువుకోకుండా ఉంటే గుర్తుపట్టి ఉండేదాన్ని."

ఆ పేరు ఇక్కడ రాయను. అది కాకపోతే, ఆవిడ వెళ్లిపోయాక నేను అంటగట్టినట్టవుతుంది.

ఆ సాయంత్రం కొడుకు వీడియోలో ఉన్నప్పుడు ఆవిడే ఈ సంగతి చెప్పారు. ఆయన మంచివాడు, తల్లి ఏడిచిందని విని ఆయన ముఖం వాడిపోయింది. "అమ్మా, అదే అనుకో. ఎందుకింత కష్టపెట్టుకుంటావు? ఏదో ఒకటి ఎంచుకో, అదే మన ఏరు" అన్నాడు. ఆవిడ నవ్వారు. "ఒరే, నీకు అమ్మ దొరకలేదంటే బజారుకెళ్లి ఎంచుకుంటావా?" అన్నారు. ఆయన కూడా నవ్వాడు కానీ, కెమెరా నుంచి ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఎదుటి మనిషిని చూడటానికి తల్లి తిప్పుకునే వైపుకే.

నాకు ఒక ఆలోచన వచ్చి మా అమ్మకి ఫోన్ చేశాను. స్నానం నీళ్లలోకి వేరే దేశం ఏటిని పిలవొచ్చా అని అడిగాను. అమ్మ వంట మధ్యలో ఉంది. "నీళ్లకి వీసా ఏమిటే? మీ అమ్మమ్మ మున్నేటిని పిలవలా? ఎవరి ఏరు వాళ్లకి గంగే. పేరు తెలిస్తే పిలువు, తప్పేముంది" అంది. పేరు తెలిస్తే. ఆ మాట దగ్గర నేను ఫోన్ పెట్టేశాను, మళ్లీ చేస్తానని చెప్పి.

తర్వాత వారంలో మంచు పడింది, ఆ మంచుమీద వాన పడి గడ్డకట్టింది. మా వీధిలోకి కార్లు రాలేదు. నర్సు రాలేనని ఫోన్ చేసింది. మధ్యాహ్నానికి మామ్మగారు తల దురదగా ఉందన్నారు. నేను పోస్తానన్నాను. ఇంతవరకు ఎవరికీ పోయలేదు. కింద నుంచి నా బకెట్టు, మగ్గు తెచ్చాను. మంచం చివర దిండు తీసి, మెడ కింద తువ్వాలు చుట్టి, తల కింద వంటింటి బేసిన్ పెట్టాను. నీళ్ల వేడి మోచేతితో చూశాను, అమ్మ చూసేట్టు. ఆవిడ జుట్టు తడవకముందే దూదిలా పల్చగా, నా వేళ్ల మధ్య ఏమీ లేనట్టుగా ఉంది.

మగ్గు ముంచేసరికి ఆవిడ, "పిలువు" అన్నారు.

ఈసారి కిందికి వెళ్లడానికి లేదు. ఎదురుగా ఆవిడ ముఖం, తలకిందులుగా. పిలిచాను. గంగ, యమున, గోదావరి. గొంతు సన్నగా మొదలైంది, సింధు దగ్గరికి వచ్చేసరికి నిలబడింది. కావేరి. కృష్ణ. మున్నేరు. మగ్గు వంచబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"ఇక్కడ దాని చోటు" అన్నారు. "ఏమీ అనకు. ఖాళీగా వదిలెయ్. ఎప్పుడన్నా దారి తెలుసుకుని వస్తే చోటుండాలి కదా."

ఇద్దరం ఊరుకున్నాం. బయట చెట్లకొమ్మల మీది గడ్డమంచు పగులుతున్న చప్పుడు వినిపించింది. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకున్నారు, పిల్లలు మూసుకున్నట్టు, నుదురు ముడుచుకునేంత గట్టిగా. వచ్చిందా అని అడగాలనిపించింది, అడగలేదు.

కాసేపయ్యాక ఆవిడే, "కానీ, నీళ్లు చల్లారిపోతాయి" అన్నారు.

నీళ్లు పోశాను. మగ్గులన్నీ అయ్యేదాకా ఆవిడ కళ్లు తెరవలేదు. తువ్వాలుతో తల తుడుస్తుంటే, నాకు ఇన్నాళ్లకి ఎవరో తలంటినట్టుంది అన్నారు, అంతే. పుస్తకంలో ఇంకా కొన్ని పేజీలు మిగిలి ఉన్నాయి. ఆ రోజు చదవమనలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. నేను ఒకసారి పుస్తకం తెరవబోతే, చెయ్యి నా చేతిమీద వేసి ఉంచారు.

ఆవిడ వెళ్లిపోయినప్పుడు నేను ఆఫీస్‌లో ఉన్నాను. ఫోన్‌లో చెప్పింది కొడుకే. తిరిగొచ్చేటప్పుడు వరంగల్ అమ్మాయే కార్ నడిపింది. మా వీధి మలుపు తిరిగాక, "గా పేరు దొరికిందా ఆమెకు?" అని అడిగింది. లేదన్నాను. ఆమె కార్ ఆపి, చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను. లిథువేనియన్‌లో పాడేవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చారు, అందరూ ముసలివాళ్లు. సమాధి రాయి మీద పుట్టినచోటు చెక్కించాలని కొడుకు అనుకున్నాడు. చివర్లో మీతో ఏమన్నా చెప్పిందా, ఏటి పేరు, అని అడిగాడు. పుస్తకంలో ఆవిడ మళ్లీ చదవమన్న పేరున్న పేజీ నాకు తెలుసు. ఆ మాట చెప్పాను, తెలియడం లేదని ఆవిడ అన్న మాటా చెప్పాను. ఆయన తలూపి, రాయిమీద దేశం పేరు ఒక్కటే చెక్కించాడు.

ఇల్లు అమ్మకానికి పెట్టారు. నేను ఆష్‌బర్న్‌లో అపార్ట్‌మెంట్ చూసుకున్నాను. ఖాళీ చేసే రోజు పొద్దున కూడా స్నానం చేశాను. సామాన్లన్నీ అప్పటికే కార్‌లో ఉన్నాయి, బకెట్టు, మగ్గు మాత్రం ఉంచుకున్నాను. పైన కొడుకు వంటింటి అలమరాలు ఖాళీ చేస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. వెంట్ సంగతి గుర్తుండి కూడా గొంతు తగ్గించలేదు. తొమ్మిది నదుల్నీ పిలిచాను, ఆగాను, తర్వాత పోసుకున్నాను.

తాళంచెవి ఇవ్వడానికి పైకి వెళ్తే, ఆయన చేతిలో గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మ చెప్పింది నాకు, మీరు నదుల్ని పిలుస్తారని. ఇప్పుడు విన్నాను" అన్నాడు. గిన్నె ఇంకో చేతిలోకి మార్చుకుని, "చివర్లో ఉన్నట్టుండి ఆగిపోయారు. ఏమన్నా అయిందేమోనని భయపడ్డాను" అన్నాడు.

"అది మీ అమ్మమ్మగారి ఏరు" అన్నాను.

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. గిన్నె సింక్‌లో పెట్టి, కుళాయి దగ్గర చెయ్యి ఉంచి, నా వైపు తిరగకుండా అడిగాడు.

"ఎంతసేపు ఆగాలి?"

నాకు తెలియదని చెప్పాను. మామ్మగారైతే నీళ్లు చల్లారబోయేదాకా ఆగారని చెప్పాను. ఆయన కుళాయి తిప్పి, వేడినీళ్లు వచ్చేదాకా వేళ్లు కింద పెట్టి చూస్తూ ఉండిపోయాడు. నేను తాళంచెవి బల్లమీద పెట్టి, మామ్మగారు చెవి పెట్టి కూర్చునే ఆ కుర్చీ పక్కనుంచి బయటికి వచ్చేశాను.